ఏడో భాగం కనబడుటలేదు

మధ్యాహ్నం పన్నెండూ అయిదు.

రాతబల్ల మీద అట్టపెట్టె తెరిచి ఉంది. లోపల ఖాళీ. పొద్దున తొమ్మిదిన్నరకు అందులో మూడువందల పద్నాలుగు కాగితాలున్నాయి. నాలుగేళ్ళ రాత.

ఎస్సై గుమ్మంలోనే నిలబడి గదంతా ఒకసారి చూసింది. రెండు పెన్నులు. ఒక సిరాబుడ్డి. చెత్తబుట్ట నిండా ఉండలు చుట్టిన కాగితాలు, అన్నీ తెల్లవే. అలమరలో ఒకే వరసలో ఆరు లావుపాటి పుస్తకాలు. గోడ మీద పాతకాలపు లోలకం గడియారం. టిక్కు టిక్కుమంటూ నడుస్తోంది. ఏడూ నలభై చూపిస్తోంది.

"అది తప్పు టైము కాదమ్మా," వెనకనుంచి ఒక పెద్దావిడ అంది. రచయిత అక్క. "మా తమ్ముడి కథల్లో అంతరిక్ష ఓడ తిరిగే గ్రహం టైము. అక్కడ రోజుకి మన గంటలు ఇరవై అయిదట. లోలకం పొడుగు చేయించి నెమ్మదిగా నడిచేలా పెట్టించాడు. రోజుకి దాదాపు ఒక గంట వెనకపడుతుంది. నా బతుకులాగే."

ఎస్సై నవ్వలేదు. ట్రెయినింగులో నేర్పిన అలవాటు ప్రకారం నోట్‌బుక్కులో అన్నీ రాసుకుంది. గడియారం టైముతో సహా.

క్లూస్ టీమ్‌కి ఫోన్ చేసింది. రేపు పొద్దున అన్నారు. కాగితాల కోసమా మేడమ్, అని కూడా అన్నారు. ఆమెకు ఒళ్ళు మండింది. స్టేషన్లో రెండు గొలుసు దొంగతనాల ఫైళ్ళు ఆమె బల్ల మీద పడి ఉన్నాయి. సీఐ గారు వాటిని పక్కన పెట్టి ఇక్కడికి పొమ్మన్నారు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది.

"ఇక్కడికెవరూ రాకూడదు. మీ తమ్ముడు కూడా."

*

ముందుగదిలో రచయిత అటూ ఇటూ తిరుగుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు. కొత్తగా కత్తిరించిన జుట్టు. కాలరు మీద ఇంకా వెంట్రుక ముక్కలున్నాయి.

"ఎన్నింటికి బయటికి వెళ్ళారు?"

"పదికి. సెలూన్‌కి. పుస్తకం పూర్తయ్యేదాకా జుట్టు కత్తిరించుకోను. ఈసారి భుజాల దాకా వచ్చింది."

"తిరిగొచ్చింది?"

"పదకొండుంబావు. గుమ్మంలోంచే పెట్టె తెరిచి కనబడింది. అరిచాను. అంతే, మళ్ళీ లోపలికి పోలేదు."

"ఇంకో కాపీ?"

"లేదు."

"ఫోన్లో ఫోటోలు?"

"లేవు."

"ఈ రోజుల్లో కూడానా సార్?"

"మూడో భాగం టైపు చేయించాను మేడమ్. పుస్తకం అచ్చు కాకముందే కథంతా రీడర్ల గ్రూపులో ఊరేగింది. ఆనాటినుంచి చేత్తోనే. ఒక్కటే కాపీ. అచ్చుకి వెళ్ళేదాకా మా అక్కక్కూడా చూపించను."

"అచ్చుకి ఎప్పుడు?"

"ఇవాళే. సాయంత్రం అయిదింటికి ప్రెస్సులో అప్పగించాలి. తప్పితే ఇంకో ఆర్నెల్లకి గానీ మాకు మెషీన్ దొరకదు."

"దొరక్కపోతే మళ్ళీ రాయలేరా?"

ఆయన తిరగడం ఆపాడు.

"ఇరవై ఏళ్ళు ఆ ఓడలోనే ఉన్నాను మేడమ్. మధ్యలో ఒక్కసారి దిగాను. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ మీద ఒక నవల రాశాను. ప్రాణం పెట్టి రాశాను. ఒకాయన ఉత్తరం రాశాడు. ఓడ కెప్టెన్ ఏ పేజీలో వస్తుందండీ, సగం చదివినా రాలేదు అని. ఇంకొకావిడ పుస్తకం వెనక్కి పంపేసింది. మళ్ళీ ఓడెక్కాను. ఇప్పుడు ఇంకో నవల మనసులో ఉంది. నాకు మిగిలిన టైములో ఒక్కటే పడుతుంది. ఏడో భాగం అచ్చయితే నేను విడుదల. పోతే మళ్ళీ మొదటినుంచి అదే ఓడ, అదే కెప్టెన్. నావల్ల కాదు."

హెడ్ కానిస్టేబుల్ ఎస్సై చెవి దగ్గర వంగాడు. యాభై దాటిన మనిషి. ఎన్నో కేసులు చూసినవాడు.

"మేడమ్, చిన్న మాట. కెప్టెన్ భూమికి తిరిగొస్తుందో లేదో అడగండి. కేసుకి అవసరం."

"ఏ సెక్షన్ కింద హెడ్ గారూ?"

హెడ్ వెనక్కి తగ్గాడు. అప్పుడే ఫోన్ మోగింది. సీఐ.

"ఏమ్మా, దొరికిందా?"

"ఇంకా లేదు సార్."

"దొరికితే చివరి పేజీ ఒకసారి... ఏం లేదులే. కానివ్వు."

పంపించిందెందుకో ఎస్సైకి అప్పుడు అర్థమైంది.

*

ఇంట్లోకి వచ్చినవాళ్ళు ఇద్దరే. మొదటివాడు ప్రచురణకర్త. ఆయన నుదుటి మీద చెమట ఆరడం లేదు.

"ఎన్నింటికి వచ్చారు?"

"పదీ ఇరవై."

"ఎందుకు?"

"రాతప్రతి తీసుకెళ్ళడానికి. ఆయన సెలూన్‌కి వెళ్ళాడంది అక్కగారు. కూర్చున్నాను."

"కూర్చునే ఉన్నారా?"

"పదీ నలభైకి ప్రెస్సు నుంచి ఫోన్ వస్తే వీధిలోకెళ్ళాను. ఇంట్లో సిగ్నల్ ఉండదు. మళ్ళీ వచ్చేసరికి పదకొండూ ఇరవై."

"నలభై నిమిషాల ఫోనా?"

"ప్రెస్సువాళ్ళతో మాట్లాడి చూడండి మేడమ్, మీకే తెలుస్తుంది."

"ఈ పుస్తకం అంతమేంటో మీకు తెలుసా?"

ప్రచురణకర్త రచయిత వైపు చూశాడు.

"తెలుసు. కెప్టెన్‌ని చంపేశాడు."

హెడ్ చేతిలో లాఠీ కింద పడింది.

"వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను," ప్రచురణకర్త అన్నాడు. "పాలిచ్చే ఆవుని ఎవరైనా నరుక్కుంటారా? ఎనిమిదో భాగం ఎప్పుడని షాపులవాళ్ళు ఇప్పటినుంచే అడుగుతున్నారు."

"అంటే ఈ కాగితాలు పోతే మీకే లాభం."

"అయ్యో, లాభమా! అయిదింటికి మెషీన్ ఖాళీగా తిరిగితే నా పరువేం కావాలి? నాది అడకత్తెరలో పోకచెక్క మేడమ్. అచ్చయితే సిరీస్ పోతుంది, అచ్చుకాకపోతే నేను పోతాను."

సంచీ వెతికారు. కారు వెతికారు. ఫోన్‌లో కాల్ లిస్టు చూశారు. పదీ నలభై నుంచి ముప్పైమూడు నిమిషాల కాల్ నిజమే. కాల్ మాట్లాడుతూ కాగితాలు మోసుకుపోకూడదని ఏమీ లేదు. ఎస్సై కాల్ కింద గీత గీసింది. ఆ గీత ఎటూ పోలేదు.

తర్వాత అక్క.

"పదీ నలభైకి ప్రచురణకర్త బయటికెళ్ళాక మీరేం చేశారు?"

"పదిన్నరకే మాస్టారొచ్చి కూర్చున్నారమ్మా. రిటైరైన ఫిజిక్సు లెక్చరరు. రీడర్ల సంఘం అధ్యక్షుడు. మా తమ్ముడు ఆయన్ని తప్పుల మాస్టారంటాడు. ప్రతి పుస్తకం రాగానే తప్పులు ఏరి ఉత్తరం రాస్తాడు. ఆరో భాగానికి ముప్పైనాలుగు పేజీల ఉత్తరం."

"మీ తమ్ముడేమన్నాడు?"

"ఏమంటాడు? చింపేశాడు. జవాబులు రాసేది నేనే. మీ సూచనలు అమూల్యం అని."

"మాస్టారిని ఒంటరిగా వదిలారా?"

"పదీ యాభైకి డాబా మీద బట్టలారేయడానికి వెళ్ళాను. ఒక పావుగంట. దిగేసరికి లేచి నిలబడి ఉన్నారు. వస్తానమ్మా అని వెళ్ళిపోయారు. పదకొండూ అయిదు. రేడియోలో వార్తలు అప్పుడే అయిపోయాయి."

"చేతిలో ఏమైనా?"

"గుడ్డసంచీ. ఆయన సంచీ లేకుండా ఎప్పుడొచ్చారు గనక. దాంట్లో ఎప్పుడూ పుస్తకాలే."

ఆవిడ ముందుకు వంగింది.

"ఒక్క మాట చెప్పనా తల్లీ? పోయిందనగానే నాకు మొదట తేలిగ్గా అనిపించింది. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో అన్నం దగ్గర కూడా ఆ ఓడే. తర్వాత వాడి మొహం చూశాను."

*

రెండూ ఇరవై.

మాస్టారు వచ్చాడు. రెండు వీధుల అవతల ఇల్లు. సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా. జేబులో మూడు పెన్సిళ్ళు. రెండు చేతులకూ రెండు వాచీలు.

ఎడమ చేతిది రెండూ ఇరవై. కుడి చేతిది పదికి పది నిమిషాలు తక్కువ.

"ఆ రెండోది ఆగిపోయిందా మాస్టారూ?"

"నడుస్తోందమ్మా." ఆయన మొహం వెలిగింది. "అది ఆ గ్రహం టైము. ఒక మెకానిక్ చేత నెమ్మది చేయించాను. కెప్టెన్ ఇప్పుడు ఏం చేస్తుంటుందో చూసుకోవడానికి."

పిచ్చి పలు విధాలు, అనుకుంది ఎస్సై.

"పొద్దున ఎందుకొచ్చారు?"

"విన్నపం ఇద్దామని. రెండువందల పన్నెండు మంది సంతకాలు. కెప్టెన్‌ని ఇల్లు చేర్చమని."

"ఇచ్చారా?"

"ఆయన లేరుగా. తిరిగి తీసుకెళ్ళాను."

"రాసే గదిలోకి వెళ్ళారా?"

"ఎప్పుడూ వెళ్ళలేదమ్మా. ఆ గది ఎలా ఉంటుందో ఇరవై ఏళ్ళుగా ఊహించుకోవడమే."

"ఇవాళ కూడా?"

"ఇవాళ కూడా."

గొంతులో తడబాటు లేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు. ఎస్సై నోట్‌బుక్కు ముందుకీ వెనక్కీ తిప్పింది. ఇద్దరికీ అవకాశం ఉంది. ఇద్దరికీ కారణం ఉంది. ఇళ్ళు సోదా చేయాలంటే కాస్తయినా ఆధారం ఉండాలి. ఏదీ?

రెండూ నలభై అయిదు. అయిదింటికి ఇంకా రెండుంబావు గంటలు.

రచయిత ఇక పట్టలేకపోయాడు.

"విన్నపమా! సంతకాలు పెట్టిన రెండువందల పన్నెండు మందిలో ఒక్కడైనా నా లిఫ్టు మెకానిక్‌ని చదివాడా మాస్టారూ? మీరు చదివారా?"

"చదివానండి. లిఫ్టు బరువు లెక్కలో రెండు తప్పులున్నాయి."

"చూశారా మేడమ్! ఇదీ నా బతుకు! ఆమెని చంపాలని నిర్ణయించుకున్న రోజే ఆ గ్రహానికీ నాకూ చెల్లు అనుకున్నాను. ఆ గడియారానికి కీ ఇవ్వడం మానేసి రెండు నెలలైంది. పొద్దున ఆఖరి పేజీ సరిచూసి లేచేటప్పుడు కూడా చచ్చిన చేపలా ఒంటిగంట దగ్గర వేలాడుతోంది. దాన్ని చూస్తే ఎంత హాయిగా..."

ఎస్సై పెన్ను ఆగింది.

"ఏమన్నారు?"

"హాయిగా ఉందన్నాను."

"దానికి ముందు."

"ఒంటిగంట దగ్గర ఆగిపోయి ఉందన్నాను."

ఆమె నోట్‌బుక్కు మొదటి పేజీ తీసింది. తన చేతిరాతే. పన్నెండూ అయిదు. గోడ గడియారం ఏడూ నలభై. నడుస్తోంది.

"అక్కగారూ, మీరా గడియారం ముట్టుకున్నారా?"

"ఆ గదిలో దుమ్ము దులిపితేనే కస్సుమంటాడు. గడియారం కూడానా!"

*

మూడూ పది.

ఎస్సై తాళం తీసింది. అందర్నీ గదిలోకి పిలిచింది. గడియారం ఒక్కటే మాట్లాడుతోంది.

రచయిత నోరు తెరిచి దానివంక చూశాడు.

"ఇదెలా నడుస్తోంది?"

"అదే నేనూ అడుగుతున్నాను సార్. మీరు పదికి వెళ్ళేటప్పుడు ఆగి ఉంది. నేను పన్నెండూ అయిదుకు వచ్చేసరికి నడుస్తోంది. మధ్యలో ఎవరో కీ ఇచ్చారు. ఇక్కడికొచ్చింది కాగితాల కోసం. దొరికాయి. తీసుకుని పోవచ్చు. పోకుండా, పట్టుబడే భయం పక్కన పెట్టి, గడియారం తలుపు తీసి కీ ఇచ్చారు. ఏ దొంగ చేస్తాడండీ ఆ పని?"

ప్రచురణకర్త తలూపాడు. "పిచ్చివాడు చేయాలి."

"కీ ఇవ్వడం ఎవరైనా చేస్తారు. ముళ్ళు సరిగ్గా పెట్టడమే కష్టం. మీకు ఇప్పుడా గ్రహంలో టైమెంతో తెలుసా?"

"నాకు భూమ్మీద టైమే చాలటం లేదు మేడమ్."

"మీకు సార్?"

రచయిత తల అడ్డంగా ఊపాడు. "మొదట్లో మెకానిక్ పెట్టాడు. ఒకసారి ఆగితే మళ్ళీ పెట్టే లెక్క నాక్కూడా రాదు."

ఎస్సై మాస్టారి ముందుకొచ్చింది.

"మీ కుడి చెయ్యి ఒకసారి."

ఆయన చెయ్యి చాచాడు. ఎస్సై ఆ చేతిని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. వాచీలో పదీ ముప్పైఎనిమిది. గోడ మీద పదీ ముప్పైఎనిమిది.

"నేను రాగానే ఈ గడియారాన్ని చూశాను. టైము కూడా రాసుకున్నాను. టైము తప్పా ఒప్పా అనే ఆలోచించాను గానీ, అసలు ఎందుకు నడుస్తోందని ఆలోచించలేదు. ఇది నా పొరపాటు. మీ పొరపాటు ఏంటో మీరు చెప్తారా మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆగిపోయి ఉందమ్మా," అన్నాడు. అదే ఆయన జవాబు. "తలుపు దగ్గరగా వేసి ఉంది. ఒక్కసారి చూద్దామనే తోశాను. గడియారం ఆగిపోయి ఉంది. ఆ ఓడలో అంతమంది ఉన్నారు. టైము ఆగిపోతే ఎలా? చూస్తూ ఎలా ఊరుకుంటాను?"

"కాగితాలు?"

"మా ఇంట్లో. బీరువాలో. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. ఆరు పుస్తకాల్లో తప్పులన్నీ అచ్చయ్యాకే చెప్పాను. ఒక్కసారి, ఒక్కసారైనా, అచ్చు కాకముందు..."

"ఒంటిగంటకి ఎందుకు తేలేదు?"

ఆయన రచయిత వైపు తిరిగాడు.

"చివరి మూడు అధ్యాయాలు ముందు చదివాను. ఎందుకు చంపారండీ ఆమెని?"

*

మూడూ నలభై. హెడ్ మాస్టారితో వెళ్ళి కాగితాలు తెచ్చాడు. దారిలో ఒక్క పేజీ కూడా చూడలేదని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

ఎస్సై లెక్కపెట్టింది. మూడువందల పద్నాలుగు. చివరి అధ్యాయాల అంచుల్లో సన్నటి పెన్సిలు రాతలు.

"కంప్లెయింట్ మీ ఇష్టం సార్. ఎఫ్ఐఆర్ రాయమంటే రాస్తాను."

రచయిత వినడం లేదు. పెన్సిలు రాతలు చూస్తున్నాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"నా రాతప్రతి మీద రాశారా మీరు!"

"పెన్సిలే కదండీ, చెరిగిపోతుంది. కానీ లెక్క చూడండి. ముప్పయ్యో అధ్యాయంలో ఆమె చిన్న పడవలో ఓడ బయటికెళ్ళింది, యాంటెన్నా బాగుచేయడానికి. గ్రహం టైము ఆరుకి. తొమ్మిదికి తిరిగొచ్చింది. తర్వాతి అధ్యాయంలో ఓడకి మంటలు. అందరూ పోయారు, ఆమె కూడా అని రాశారు. కానీ మంటల టైము మీరు భూమి గంటల్లో లెక్కేశారు. గ్రహం గంటల్లో వేస్తే మంటలు లేచింది ఎనిమిదీ ఇరవైకి. అప్పటికి ఆమె బయటే ఉంది. ఓడకి చాలా దూరంలో."

రచయిత ఆ పేజీ మీదికి వంగాడు.

"మీరు ఆమెని చంపలేదు సార్," మాస్టారు అన్నాడు. "లెక్క తప్పారు, అంతే."

ప్రచురణకర్త ఎగిరి గంతేసినంత పని చేశాడు. "బతికే ఉందా! ఎనిమిదో భాగం! చిన్న పడవలో ఒంటరిగా కెప్టెన్! అబ్బ, ఏం మలుపండీ!"

హెడ్ గుమ్మం దగ్గర నిలబడి పైకి చూసి దండం పెట్టుకున్నాడు.

రచయిత కుర్చీలో కూర్చుండిపోయాడు. పేజీ ముందుకు తిప్పాడు. వెనక్కి తిప్పాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తలెత్తాడు.

"నిజమే."

"అయితే అలాగే వదిలేద్దాం!" ప్రచురణకర్త అన్నాడు. "ఒక్క పేరా మారిస్తే..."

"నువ్వు కాసేపు వీధిలోకెళ్ళి ఫోన్ మాట్లాడుకో."

ప్రచురణకర్త వెళ్ళాడు. రచయిత ఇంకో కుర్చీ బల్ల దగ్గరికి లాగాడు.

"కూర్చోండి మాస్టారూ."

ఇరవై ఏళ్ళు ఊహించుకున్న బల్ల ముందు మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"కేసు లేదు మేడమ్," రచయిత అన్నాడు. "కాకపోతే ఈయన ఇప్పుడొక పని చేసిపెట్టాలి. మాస్టారూ, ఆమె ఓడలో ఉండాలి. మంటలు ఎప్పుడు లేవాలో లెక్కేయండి."

మాస్టారు తన చేతుల వంక చూసుకున్నాడు. "నా చేత్తోనా?"

"మీ చేత్తోనే. నేను వేస్తే మళ్ళీ తప్పుతాను. మీరే ఉత్తరం రాస్తారు, ఆమె బతికే ఉందని. రెండువందల పన్నెండు మంది సంతకాలు పెడతారు. నేను మళ్ళీ ఓడెక్కాలి."

"ఆమెని వదిలేస్తే ఏమవుతుంది సార్? పడవలో అలా పోనివ్వండి. మీరు రాయకపోయినా సరే. మేం ఎదురు చూస్తాం."

"ఆ ఎదురుచూపే నన్ను తినేస్తోంది. నాకు ఇంకొక్క పుస్తకం రాయాలనుంది. దాంట్లో ఆమె లేదు. మీకు నచ్చకపోవచ్చు. తప్పులు కూడా ఉంటాయి. కానీ రాయాలనుంది."

ఎస్సై ఫోన్ మోగింది. సీఐ. ఆమె కట్ చేసింది. ఉద్యోగంలో చేరాక సీఐ ఫోన్ కట్ చేయడం అదే మొదటిసారి.

చివరికి మాస్టారు జేబులోంచి పెన్సిలు తీశాడు. ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. గుణించాడు. భాగించాడు. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడు. లెక్క తప్పి కాదు, కన్ను మసకేసి.

నాలుగూ ఇరవైకి కాగితం ఇటు జరిపాడు.

"రెండు గంటలు ఆలస్యం చేయాలి. మంటలు పదీ ఇరవైకి లేస్తే... ఆమె ఓడలోనే ఉంటుంది."

"సరిచూశారా?"

"రెండుసార్లు."

రచయిత పెన్ను తీసి పాత అంకె కొట్టేశాడు. కొత్త అంకె రాశాడు. పెద్ద పనేమీ కాదు, రెండక్షరాలంత. అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. నాలుగేళ్ళు ఆ ఓడని తిట్టిపోసిన మనిషి.

రచయిత కాగితాలు పెట్టెలో సర్దబోయాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క తప్పు మిగిలింది."

"ఇంకానా!"

"పదీ ఇరవై అంటే ఆమె నిద్రపోయే వేళ. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. మూడో భాగంలో మీరే రాశారు. మంటల్ని చూసి ఆమె కేక పెట్టిందని ఇక్కడ ఉంది. నిద్రలో ఉన్న మనిషి ఎలా చూస్తుంది?" ఆయన గొంతు తగ్గింది. "ఆమెకి తెలిసుండదు సార్. అసలు ఏమీ తెలిసుండదు."

రచయిత ఆ పేజీ బయటికి తీశాడు. కేక ఉన్న వాక్యం చదివాడు. దాన్ని అడ్డంగా కొట్టేశాడు. పెన్ను పైకెత్తి, పక్కనున్న మనిషి వైపు చూశాడు.

"ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది?"

"కిటికీ వైపు," అన్నాడు మాస్టారు. "భూమి కనబడే వైపు."

రచయిత రాయడం మొదలుపెట్టాడు.